చీకటి వైద్యం ఉంటే మాత్రలు మానెయ్యొచ్చా?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా ఆయన రొయ్యల చెరువులు చేస్తారు. కిందటేడు రొయ్యల పట్టుబడి ముందు రాత్రుళ్లు ఏరియేటర్ల (నీళ్లలో గాలి కలిపే యంత్రాల) దగ్గరే ఉండిపోయి, ఆ తర్వాత అసలు నిద్రే మానేశారు. తెల్లవార్లూ మాటలు, ఇంకో పదెకరాలు లీజుకంటూ అడ్వాన్సులు ఇచ్చేయడం, వద్దంటే మీద పడటం. బైపోలార్ (మనసు ఒకసారి హద్దు మీరి ఉరకలేసి, ఇంకోసారి దిగులులో పడే జబ్బు) అనీ, ఇది ఉరకలేసే దశ, మానియా అనీ లిథియం మాత్రలు రాశారు, తగ్గింది. ఈ మధ్య మళ్లీ మూడు గంటలే పడుకుంటున్నారు. సాయంత్రం నుంచి చీకట్లో ఉన్నా, నారింజ రంగు కళ్లద్దాలు పెట్టుకున్నా చాలు, మాత్రలు అక్కర్లేదని మా మరిది ఫోన్లో వీడియో చూపించాడు. నిజమేనా? సంక్రాంతి కూడా వస్తోంది, టెన్షన్‌గా ఉంది.

జవాబు: మాత్రలు మానొద్దమ్మా. మీ మరిది చూపించిన ఆ చీకటి వైద్యంలో కొంత నిజం ఉంది, మాత్రలు అక్కర్లేదన్న ముక్క మాత్రం అబద్ధం.

ఇటలీ డాక్టర్లు 2005లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో, మానియాతో ఆసుపత్రిలో ఉన్న 16 మందిని వరసగా మూడు రోజులు సాయంత్రం 6 నుంచి పొద్దున్న 8 దాకా చీకట్లో ఉంచారు, మందులు ఇస్తూనే. జబ్బు తిరగబెట్టి రెండు వారాలు దాటని వాళ్లకి త్వరగా నెమ్మదించింది, ఆలస్యమైన వాళ్లకి పెద్దగా ఏమీ లేదు. అయితే పద్నాలుగు గంటలు చీకటి గదిలో ఎవరు కూర్చుంటారు చెప్పండి, అందులోనూ మానియాలో ఉన్న మనిషి! అందుకే 2016లో నార్వే వాళ్లు అవే గంటల్లో ఏడు రోజులు నారింజ అద్దాలు పెట్టి చూశారు. మామూలు అద్దాలు పెట్టుకున్న వాళ్లకంటే వీళ్లకి బాగా తగ్గింది. అక్కడా మందులు ఆపలేదు, పైగా లెక్కలోకి వచ్చింది 23 మందే.

కంట్లో కొన్ని కణాలు పగలా రాత్రా అన్న కబురు మెదడుకి పంపుతుంటాయి, అవి ముఖ్యంగా నీలం వెలుగుకి స్పందిస్తాయి. ఫోన్లలో, ఎల్‌ఈడీ లైట్లలో ఆ నీలం దండిగా ఉంటుంది. నారింజ అద్దం దాన్ని ఆపేస్తే, దీపం వెలుగుతున్నా మెదడుకి రాత్రి అయిపోయినట్టే. తీర్థంలో అమ్మే నల్ల కళ్లజోడుతో ఈ పని జరగదు. నారింజ అద్దాలు పెట్టుకుని బండి నడపడం, చెరువు గట్టు మీద తిరగడం అసలే వద్దు. ఆ అద్దాలతో ఒక్కోసారి మనసు మరీ దిగులులోకి జారిపోతుంది కాబట్టి మీ డాక్టరుని అడిగే మొదలుపెట్టండి. బలవంతంగా గదిలో పెట్టి తలుపు వేయకండి, గొడవ పెరుగుతుంది తప్ప నిద్ర రాదు.

నన్నడిగితే కళ్లద్దాల కంటే ముందు ఆ రాత్రి కాపలా ఆపాలి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, ఎవరో ఒకరు మెలకువగా ఉండాల్సిందే, కాదనను. కానీ ఈ జబ్బున్న వాళ్లకి రాత్రి నిద్ర లేకపోవడమే మానియాని రేపగలదు. వీడియోలు చూసే తీరిక ఉన్న మీ మరిదికి ఆ డ్యూటీ అప్పజెప్పండి. అమెరికాలో పిట్స్‌బర్గ్‌లో ఎలెన్ ఫ్రాంక్ అనే ఆవిడ, ఆవిడ బృందం రోజు వేళల మీదే ఒక చికిత్స తయారు చేశారు: లేచే వేళ, మొదటగా మనిషితో మాట్లాడే వేళ, పనిలోకి దిగే వేళ, రాత్రి భోజనం, పడక. ఇవి రోజూ ఇంచుమించు ఒకే టైముకి జరగాలి. మేత లెక్క రాసే పుస్తకంలోనే ఓ పక్కన రాయించండి, వీటిలో ఏ వేళ తప్పుతున్నా మీకే ముందు కనపడుతుంది.

ఇక ఇప్పటి సంగతి. మూడు గంటలు పడుకుని కూడా అలసట లేకుండా హుషారుగా ఉన్నారంటే పండగ దాకా ఆగకండి, రేపే డాక్టరు దగ్గరకి తీసుకెళ్లండి. రక్తంలో లిథియం ఎంతుందో చూపించండి. ఎండలో చెమటోడ్చే మనిషి, నీళ్లు బాగా తాగాలి, ఉప్పు ఒక్కసారిగా తగ్గించకూడదు, ఒళ్లు నొప్పులకి షాపులో ఏదో ఒక బిళ్ల కొని వేసుకోకూడదు. వీటిలో తేడా వస్తే రక్తంలో లిథియం పెరిగిపోతుంది, లిథియం మోతాదు మించితే విషమే. మాట వినకుండా మీద పడుతుంటే నేరుగా ఆసుపత్రికే వెళ్లండి. ఎవరినైనా అడగాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ లైన్ టెలీ మానస్ 14416, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు.

సంక్రాంతికి మొత్తానికి ఇంట్లో కూర్చోబెట్టక్కర్లేదు. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థంలో ప్రభలు పగటిపూట చూసి రండి. ఫ్లడ్‌లైట్ల కింద తెల్లవార్లూ సాగే కోడి పందేలు, మద్యం, ఈ రెండూ మాత్రం ఈ ఏడాదికి వద్దని ఆయన స్నేహితులకి మీరే చెప్పేయండి.