పలచని ఫిల్ము కూడా తప్పేనా?

ప్రశ్న: మాది రెంటచింతల. ఎండకు తాళలేక కారు పక్క అద్దాలకు లేత నల్ల ఫిల్ము వేయించాను. సగం వెలుతురు వస్తే చాలునని దుకాణదారు చెప్పాడు. అయినా జరిమానా పడింది. న్యాయమేనా?

జవాబు: మీ ఊరి ఎండ నాకు తెలుసు, అక్కడ మూడేళ్లు ఉద్యోగం చేశాను. దుకాణదారు మీకు సగమే చెప్పాడు. ముందు, వెనుక అద్దాలకు 70 శాతం, పక్కవాటికి 50 శాతం వెలుతురు అన్న లెక్క తయారీలోనే రంగు కలిపిన అద్దానిది. పైన అతికించే ఫిల్మును, ఎంత పలచనిదైనా సరే, సుప్రీంకోర్టు 2012లో వద్దంది. తర్వాత నిబంధన మారిందంటూ 2024లో కేరళ హైకోర్టు ఆ కొలతలకు లోబడిన ఫిల్మును అనుమతించింది కానీ, ఆ తీర్పు పట్టుకుని మన రోడ్ల మీద వాదనకు దిగకండి. తీయించేయండి. బండి నిలిపినప్పుడు అద్దానికి వెండిరంగు అట్ట అడ్డం పెట్టుకోవచ్చు. నేనూ అదే చేస్తాను, తీయడం మరిచి ఇంజను స్టార్టు చేసిన రోజులూ ఉన్నాయి.