ఒక్క నాణెం వేయకముందే దాన్ని తుడిచేయండి

"హార్డ్‌వేర్ వాలెట్ కొన్నాను. ఇంకా సీలు తీయలేదు. సెటప్ చేసేటప్పుడు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? అసలు నేను కొన్న బ్రాండ్ మంచిదేనా?" అని అడిగారు. బిట్‌కాయిన్ లాంటి క్రిప్టో డబ్బు తాళాన్ని దాచుకునే చిన్న పరికరమే ఈ హార్డ్‌వేర్ వాలెట్.

బ్రాండ్ గోల వదిలేయండి. 2014లో ట్రెజర్ అనే బ్రాండ్ మొదటి వాలెట్ వచ్చిన దగ్గర్నుంచి ఇదే పంచాయితీ. పేరున్న పరికరం ఏదైనా తన పని తాను చేస్తుంది, పని చేయనిది మనమే. హార్డ్‌వేర్ వాలెట్ ఉండి కూడా డబ్బు పోగొట్టుకున్నవాళ్లలో ఎక్కువమందిని ముంచింది దొంగ కాదు, వాలెట్‌ని తిరిగి తెరిచే పదాలు రాసుకున్న వాళ్ల కాగితమే అని నా గట్టి నమ్మకం. ఎవరు కాదన్నా నేను మార్చుకోను, ఎందుకంటే నేనే ఆ అంచుదాకా వెళ్లొచ్చాను.

రెండేళ్లు బాగానే వాడాను. మధ్యలో ఓ ఎనిమిది నెలలు దాని జోలికే పోలేదు. ఒక రాత్రి ఏదో పని పడి తీశాను. పిన్ అడిగింది, కొట్టాను, తప్పు. కార్డు పిన్‌తో కలిపేసుకున్నానేమో అనుకుని ఇంకోటి కొట్టాను, అదీ తప్పే. మూడోది వేలు జారి పడింది. నాది మూడు తప్పులకే మొత్తం తుడిచేసుకునే రకం. కొన్నింటికి పదహారు దాకా ఓపిక ఉంటుంది, దీనికి లేదు. తెర ఒకసారి ఆరిపోయి మళ్లీ వెలిగింది. నేనెవరో తెలియనట్టు, నంగనాచిలా "స్వాగతం" అంది.

నాకేమీ టెన్షన్ రాలేదు. కాగితం ఉందిగా! సెటప్ చేసేటప్పుడు పరికరం చూపించిన 24 పదాలు రాసి పాత బిల్లుల ఫైల్లో దాచాను. పరికరంలో నాణేలు ఉండవు, వాటిని కదిలించే తాళం మాత్రమే ఉంటుంది, ఆ తాళాన్ని ఈ పదాలతో మళ్లీ పుట్టించుకోవచ్చు. ఈ ముక్క నేను పదిమందికి చెప్పినవాణ్ణే.

కాగితం తీసి చూశాక గుండె జారింది.

నేను చేసిన తెలివైన పని చెబుతాను వినండి. పెట్టెలో ఇచ్చిన కార్డు మీద 1 నుంచి 24 దాకా అంకెలు అచ్చు వేసి ఉంటాయి. దాని మీద రాస్తే దొంగకి "ఇదిగో బాబూ" అని చేతికిచ్చినట్టే కదా అనుకుని, మామూలు తెల్లకాగితం మీద, అంకెలు లేకుండా, వరసకి నాలుగు చొప్పున ఆరు వరసలు రాశాను. చూసినవాళ్లు పిల్లల హోంవర్క్ అనుకోవాలని నా ప్లాన్. దొంగ సంగతేమో గానీ, రెండేళ్ల తర్వాత నాకే అర్థం కాలేదు. అడ్డంగా చదవాలా, నిలువుగా చదవాలా?

అది చాలదన్నట్టు ఒక పదం దగ్గర నా రాత నన్నే వెక్కిరించింది. ఈ పదాలన్నీ బిప్-39 అనే 2,048 పదాల జాబితాలోవి. ఏ రెండు పదాలకీ మొదటి నాలుగు అక్షరాలు ఒకటిగా ఉండకుండా ఆ జాబితా తయారుచేశారు. బాగానే ఉంది. కానీ అందులో 'వైన్', 'వింగ్', 'వింక్' మూడూ ఉన్నాయి. ఇంగ్లీషులో వీటికి తేడా నాలుగో అక్షరం ఒక్కటే, నేను గొలుసుకట్టు రాతలో గీకిపడేసింది సరిగ్గా ఆ అక్షరాన్నే.

మా ఆవిణ్ణి లేపాను. ఆవిడ చదువుతుంటే నేను ఆ రెండు బుల్లి బటన్లతో ఒక్కో అక్షరం నొక్కుతున్నాను. ఆ పదం దగ్గరికి రాగానే కాగితాన్ని దీపం దగ్గర పెట్టి, తిప్పి, మళ్లీ తిప్పి, "మీ తలరాత సంగతి నాకు తెలీదు గానీ, ఈ చేతిరాతతో మాత్రం కష్టమేనండీ" అంది.

అడ్డంగా, 'వింగ్' పెట్టి మొదలెట్టాం. ఇరవై నిమిషాలు. చివరి పదం నొక్కాక "పదాలు సరిపోలలేదు" అంది. ఏ పదం తప్పో చెప్పదు. మళ్లీ మొదటి నుంచి ఇరవై నాలుగూ. అడ్డంగా, 'వింక్'. అదీ కాదు.

అప్పుడు మొదలైంది అసలు భయం. స్టెఫాన్ థామస్ గుర్తొచ్చాడు. 7,002 బిట్‌కాయిన్ల తాళాలు ఐరన్‌కీ అనే డ్రైవ్‌లో పెట్టి, పాస్‌వర్డ్ రాసుకున్న కాగితం పోగొట్టుకున్న ప్రోగ్రామర్. దానికి పది ప్రయత్నాలే, ఆయన కథ 2021లో లోకానికి తెలిసేసరికి ఎనిమిది అయిపోయాయి. నాకు ప్రయత్నాల లెక్క లేదు, కాబట్టి నేను అదృష్టవంతుణ్ణే. ఆ అర్ధరాత్రి మాత్రం అలా అనిపించలేదు. నిలువుగా 'వింగ్' పెట్టాం, కాదంది. మా ఆవిడ ఆవులిస్తూనే మళ్లీ మొదటి పదం చదివింది. నిలువుగా, 'వింక్'. ఈసారి ఒప్పుకుంది.

హమ్మయ్య అనుకుని, పరికరంతో పాటు వాడే యాప్ తెరిస్తే నిల్వ సున్నా.

ఇది మీకూ జరగొచ్చు, అందుకే చెబుతున్నాను. అవే పదాల నుంచి వేర్వేరు రకాల ఖాతాలు పుడతాయి. బిట్‌కాయిన్‌లో పాతకాలపు అడ్రస్ 1తో, మధ్యలో వచ్చినది 3తో, కొత్తవి 'బీసీ1'తో మొదలవుతాయి. నా డబ్బు ఉన్నది 3తో మొదలయ్యే ఖాతాలో. యాప్ తనంతట తాను చూపించింది కొత్త రకాన్ని. ఖాతా రకం మార్చి చేర్చగానే అంతా కనిపించింది. ఆ సంగతి తట్టడానికి నాకు ఇంకో గంట పట్టింది. ఖాతా ఏ రకమో కూడా కార్డు మీద ఒక మూల రాసి పెట్టుకోండి.

ఇక మీ ప్రశ్నకి నా జవాబు. పరికరం పెట్టుకోండి, పదాలు రాసుకోండి, డబ్బు స్వీకరించడానికి అది చూపించే మొదటి అడ్రస్‌ని ఒకచోట రాసుకోండి. తర్వాత మీ చేతులతో మీరే పరికరాన్ని తుడిచేయండి. మీరు రాసిన కాగితం ఒక్కటే చూసి తిరిగి నిలబెట్టండి. అదే అడ్రస్ వచ్చిందా, అప్పుడు ఒక చిన్న మొత్తం పంపండి. అది చేరాకే మిగతాది. గంట పని. ఈ గంట లేనివాళ్లు దీని జోలికి రాకపోతేనే మంచిది.

'వింగ్' పెడితే దానికెలా తెలిసిపోయింది అంటారేమో. చివరి పదంలో మిగతావాటిని సరిచూసే చిన్న లెక్క దాగి ఉంటుంది. దాన్ని నమ్ముకుని ధీమాగా ఉండకండి. 24 పదాలైతే తప్పు వరసల్లో సగటున 256లో ఒకటి ఆ పరీక్ష దాటేస్తుంది, 12 పదాలైతే 16లోనే ఒకటి. దాటిందంటే ఏ గొడవా చేయకుండా మీది కాని వేరే ఖాళీ వాలెట్ తెరిచి చూపిస్తుంది.

25వ పదం పెట్టుకోమని కొందరు వీర సలహాలు ఇస్తారు. 24 పదాలకి తోడు మీరే సొంతంగా ఎంచుకునేది, పాస్‌ఫ్రేజ్ అంటారు దాన్ని. దానికి తప్పు అన్నదే లేదు, ఏది కొట్టినా ఏదో ఒక వాలెట్ తెరుచుకుంటుంది. పెద్దక్షరం బదులు చిన్నక్షరం కొడితే చాలు, మళ్లీ సున్నా. 24 పదాలే సరిగ్గా రాసుకోలేని నాలాంటివాళ్లకి అది వద్దు.

పెట్టె విప్పడం మీద వీడియోలు చేసే పెద్దమనుషులంటే నాకు మంట. పదిహేను నిమిషాల వీడియోలో పన్నెండు నిమిషాలు కవరు చింపడం, రెండు నిమిషాలు వాళ్ల లింకు నొక్కమనడం. కాగితం గురించి "జాగ్రత్తగా దాచుకోండి" అని ఒక్క ముక్క. జాగ్రత్తగా అంటే ఎలాగో చెప్పొద్దూ? ఫోన్‌తో ఫొటో తీయడం జాగ్రత్త కాదు, అది మీకు తెలియకుండానే క్లౌడ్‌లోకి ఎక్కుతుంది. మెయిల్లో డ్రాఫ్టుగా పెట్టుకోవడమూ కాదు. కాగితానికి నీళ్లూ నిప్పూ పడవు కాబట్టి మొత్తం పెద్దదైతే స్టీలు రేకు మీద చెక్కించుకోండి. చెక్కించుకోండి అన్నానా, కాదు, మీరే చెక్కుకోండి. ఇంకొకరి చేతికి ఇస్తే మిగిలిందేముంది?

పెట్టెలోనే పదాలు రాసిన కార్డు వస్తే ఆ పరికరం మీకు వద్దు, ఆ పదాలు అవతలివాడి దగ్గరా ఉన్నట్టే. 2020లో ఈ వాలెట్లు తయారుచేసే లెడ్జర్ కంపెనీ కొనుగోలుదారుల జాబితా బయటపడింది. దాదాపు 2,72,000 మంది పేర్లు, ఇంటి అడ్రస్‌లు, ఫోన్ నంబర్లు. పరికరాల్లోని తాళాలకేం కాలేదు. కానీ మరుసటి ఏడాది కొందరి ఇళ్లకి "మీది పాడైంది, ఇది వాడండి" అని ఉత్తరంతో సహా నకిలీ పరికరాలే పోస్టులో వచ్చాయి. కాబట్టి ఎవరు ఎంత మర్యాదగా అడిగినా, ఎంత కంగారు పెట్టినా, ఆ పదాలు నొక్కాల్సింది పరికరం మీదే. కంప్యూటర్‌లో కాదు, ఫోన్‌లో కాదు, కస్టమర్ కేర్ అని ఫోన్ చేసినవాడికి అసలే కాదు.

డబ్బు పంపేటప్పుడు అడ్రస్‌ని పరికరం తెర మీద మొత్తం చదవండి. మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలు చూసి వదిలేసేవాళ్ల కోసమే అవి మాత్రం కలిసేలా అడ్రస్‌లు తయారుచేసే ముఠాలున్నాయి. 2025 ఫిబ్రవరిలో బైబిట్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజి నుంచి దాదాపు 150 కోట్ల డాలర్ల విలువైన ఈథర్ అనే క్రిప్టో నాణేలు పోయాయి. కంప్యూటర్ తెర మీద మామూలు బదిలీలా కనిపించినదానికి సంతకాలు చేశారు, నిజంగా సంతకం పడింది వేరేదానికి. అంతటివాళ్లే చదవకుండా నొక్కారు. అర్థం కాని అంకెల గుంపు పరికరం తెర మీద కనిపిస్తే "తిరస్కరించు" నొక్కండి, నష్టమేమీ లేదు.

ఆ రాత్రి తర్వాత నేను ఆ పాత పదాలు వాడలేదు. మా ఆవిడ నాలుగుసార్లు పైకి చదివింది, పక్కన రెండు ఫోన్లు, ఒక కంప్యూటర్ ఉన్నాయి, అవి విన్నాయేమోనని భయం. చాదస్తం అనుకోండి. కొత్త పదాలు పుట్టించి, తుడిచి, నిలబెట్టి, అడ్రస్ సరిచూసుకుని డబ్బంతా అటు మార్చాకే ఆ హోంవర్క్ కాగితాన్ని కాల్చేశాను. ఈసారి పెట్టెలో వచ్చిన కార్డే వాడాను, అంకెలతో సహా. పదాలన్నీ అచ్చక్షరాల్లో, విడివిడిగా, ముత్యాల్లా ఉన్నాయి. రాసింది నేను కాదు, మా ఆవిడ.