బూట్లు మార్చకండి, షరతు మార్పించండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ అమ్మాయికి పదహారేళ్లు, 800 మీటర్లు పరుగెత్తుతుంది. విశాఖ ద్వారకానగర్‌లోని ఒక క్రీడాసామగ్రి దుకాణం ఆమెకు బూట్లు ఇచ్చి ఆదుకుంటోంది. బీచ్ రోడ్డులో జరగబోయే ఐదు కిలోమీటర్ల పరుగుకు వేరే బూట్ల కంపెనీ ప్రధాన స్పాన్సర్. ‘స్పాన్సర్‌కు పోటీగా ఉన్న బ్రాండ్ల వస్తువులేవీ కనిపించకూడదు’ అని ప్రవేశ పత్రంలో రాశారు. బూట్లు మార్చాలా, అలా అడిగే హక్కు వారికి ఉందా, దుకాణం వారికి ఏం చెప్పాలి అని అడిగారు.

బూట్లు మార్చకండి. మిగతా వాటిలో సర్దుకోవచ్చు, ఇందులో మాత్రం వద్దు. నేను ఆంధ్ర విశ్వవిద్యాలయం మైదానంలో 400 మీటర్లు పరుగెత్తుతూ పెరిగినవాడిని. కొన్నేళ్లుగా జూనియర్ జట్లకు మేనేజరుగా వెళుతున్నాను. ఇలాంటి షరతుల మీద నిర్వాహకులతో చాలాసార్లు వాదించాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ఆ మధ్య ఇలాంటి పరుగుకే మా పిల్లల్ని తీసుకెళ్లాను. ఇంకా తెల్లవారలేదు. సముద్రపు గాలికి రోడ్డు చెమ్మగా ఉంది. పరుగు మొదలయ్యే చోట ఒక కార్యకర్త నల్ల టేపు చుట్ట పట్టుకుని నిలబడ్డాడు. పోటీ బ్రాండు బూట్లు వేసుకున్నవారిని పక్కకు పిలిచి, గుర్తు కనిపించకుండా టేపు చుడుతున్నాడు. మా అమ్మాయి ఒకరికి లేసుల మీదుగా, అరికాలి కింద నుంచి బూటు చుట్టూ రెండు వరుసలు వేసేశాడు. పరుగెత్తేటప్పుడు బూటు మడతపడేది సరిగ్గా అక్కడే. నాలుగు అడుగులు వేసేసరికి టేపు అంచు లేచింది, దానికి ఇసుక అంటుకుంది. రోడ్డు మీది తెల్ల గీతపై అడుగు పడగానే ఆ పిల్ల కాలు జారింది. పట్టుకున్నాం కాబట్టి సరిపోయింది.

ప్రథమ చికిత్స పెట్టెలోని కత్తెరతో ఆ టేపంతా కోసేసి, బూటు పక్కన గుర్తు ఉన్నంత మేర చిన్న ప్లాస్టర్ ముక్క అంటించాను. కార్యకర్త ఒప్పుకోలేదు, నిర్వాహకుల ప్రతినిధిని పిలిచాడు. ఆయన ‘రూల్ అండీ’ అన్నారు. ఆ రూల్ చూపించమన్నాను. ప్రవేశ పత్రంలో చివరి వాక్యం చూపించారు. గుర్తు కనిపించకూడదన్నారు, ఇప్పుడు కనిపించడం లేదు, బూటు చుట్టూ టేపు వేయాలని ఇందులో ఎక్కడుంది అని అడిగాను. ఆయన మరోసారి చదివి సరేనన్నారు. మంచి మనిషే. ఆ షరతు రాసింది ఆయన కాదు. స్పాన్సర్ తరఫు మనుషులు పక్కనే ఉండటంతో ఆయన మీదా ఒత్తిడి ఉంది.

ఆ రోజు నన్ను బాధపెట్టింది టేపు ఒక్కటే కాదు. ఆ అమ్మాయికి బూట్లు ఇచ్చినది చిన్న దుకాణం. పోటీలో ఆమె ఫొటో ఒకటి పత్రికలో వస్తే దాన్ని అద్దానికి అంటించుకోవాలన్నది ఆ యజమాని ఆశ. కంపెనీ నిర్వాహకులకు డబ్బిచ్చింది. దుకాణదారు పరుగెత్తే పిల్లకు బూట్లిచ్చాడు. ప్లాస్టర్ కింద దాగిపోయింది మాత్రం ఆ దుకాణదారు ఇచ్చిన బూట్ల గుర్తే. నిజంగా పిల్లను ఆదుకున్నవాడినే కనబడకుండా చేసే షరతు నాకు న్యాయంగా తోచదు.

ఇక స్పాన్సర్ల పక్షం. వారి భయం ఉత్తిది కాదు. రోడ్డు మూయించడం, అంబులెన్సులు, సమయం లెక్కించే చిప్‌లు, బహుమతి సొమ్ము అన్నిటికీ డబ్బు కావాలి. అది పెట్టినవారి పక్కన పైసా పెట్టని పోటీదారు పేరు మెరిస్తే ఎవరికైనా మండుతుంది. మన ఊరి మైదానంలోనే 1996 ఫిబ్రవరి 23న ప్రపంచ కప్ మ్యాచ్ జరిగింది, ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో ఆస్ట్రేలియా, కెన్యా ఆడాయి. ఆ టోర్నీకి అధికారిక పానీయం కోకాకోలా. పెప్సీయేమో ‘ఇందులో అధికారికం ఏమీ లేదు’ అన్న అర్థం వచ్చే ప్రకటనలతో దేశమంతా హోరెత్తించింది. 2010 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో ఒక డచ్ బీరు కంపెనీ పంచిన నారింజ రంగు దుస్తులు వేసుకొచ్చిన మహిళల్ని జొహానెస్‌బర్గ్ స్టేడియం నుంచి బయటకు పంపేశారు. అక్కడ అధికారిక బీరు వేరే కంపెనీది. ఇలాంటి వాటి తర్వాత షరతులు బిగుసుకోవడంలో వింత లేదు.

కానీ ఆ బిగింపు ఎవరి మెడకు చుట్టుకుంటోంది? 2002లో మన క్రికెటర్ల గొడవ మీకు గుర్తుండే ఉంటుంది. ఐసీసీ తన టోర్నీల హక్కులను 55 కోట్ల డాలర్లకు అమ్మింది. టోర్నీ జరిగే రోజుల్లోనే కాదు, దానికి ముందూ వెనకా కొంతకాలం కూడా ఆటగాళ్లు అధికారిక స్పాన్సర్ల పోటీ కంపెనీలకు ప్రచారం చేయకూడదని షరతు పెట్టింది. సచిన్, గంగూలీ, ద్రవిడ్ వంటివారికి అప్పటికే సొంత ఒప్పందాలు ఉన్నాయి. వారిని అడగకుండానే మన క్రికెట్ బోర్డు బీసీసీఐ ఒప్పుకుంది. శ్రీలంకలో జరిగిన చాంపియన్స్ ట్రోఫీకి జట్టు వెళుతుందా లేదా అన్నంతవరకు వచ్చి, చివరికి రాజీ కుదిరింది. 2003 ప్రపంచ కప్‌లోనూ అదే గొడవ. తర్వాత బీసీసీఐకి రావాల్సిన సొమ్మును ఐసీసీ ఆపేసింది. అంత పేరున్న ఆటగాళ్లు కాబట్టి నిలబడగలిగారు.

మీ అమ్మాయి పరుగెత్తే 800 మీటర్లలోనే ఒక ఉదాహరణ ఉంది. అమెరికాకు చెందిన నిక్ సిమండ్స్ 2013 మాస్కో ప్రపంచ పోటీల్లో రజతం గెలిచాడు. 2015లో జాతీయ విజేత అయ్యాడు. అతని సొంత స్పాన్సర్ బ్రూక్స్, జట్టు దుస్తుల స్పాన్సర్ నైకీ. జట్టు అధికారిక కార్యక్రమాలన్నిటిలోనూ నైకీ దుస్తులే వేసుకోవాలన్న పత్రం ఇచ్చారు. పోటీలో వేసుకోవడానికి అతనికి అభ్యంతరం లేదు. అధికారిక కార్యక్రమం అంటే ఏది, హోటల్లో కాఫీ తాగడం కూడా అందులోకి వస్తుందా అన్నదే అతని ప్రశ్న. సరైన జవాబు రాకపోవడంతో సంతకం పెట్టలేదు. బీజింగ్ ప్రపంచ పోటీలకు వెళ్లే జట్టులో అతని పేరు లేదు. అతను అడిగిన ప్రశ్నే మీరూ అడగాలి: ఈ షరతు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది?

ఒలింపిక్స్‌లోనూ పట్టు సడలక తప్పలేదు. క్రీడల సమయంలో అథ్లెట్ తన పేరును, బొమ్మను ప్రకటనలకు ఇవ్వకూడదని ఒలింపిక్ చార్టర్‌లోని 40వ నియమం కట్టడి చేసేది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో అథ్లెట్లే దానిపై బహిరంగంగా గొంతెత్తారు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2015లో కొంత సడలించింది. ఆ నిబంధనలు మరీ మితిమీరాయని 2019 ఫిబ్రవరిలో వ్యాపార పోటీని పర్యవేక్షించే జర్మనీ ప్రభుత్వ సంస్థ తేల్చడంతో అక్కడి అథ్లెట్లకు మరింత వెసులుబాటు దొరికింది. ఆ తర్వాత నియమం మాటలే మారాయి. ఎవరో దయతలచి ఇచ్చింది కాదు, అథ్లెట్లు అడిగారు కాబట్టి వచ్చింది.

ఇప్పుడు మీ అమ్మాయి బూట్ల సంగతి. ప్రపంచ స్థాయి అథ్లెటిక్స్‌ను టీవీలో చూడండి. ఒకే దేశపు జెర్సీ వేసుకున్నవారి కాళ్లకు రకరకాల కంపెనీల స్పైక్స్ (అడుగున మేకులుండే పరుగు బూట్లు) కనిపిస్తాయి. జెర్సీ దేశానిది, బూటు పరుగెత్తేవారిది. అక్కడ చెల్లుతున్నది ఇక్కడ బీచ్ రోడ్డులో ఎందుకు చెల్లదని నిర్వాహకులను అడగండి. నెలల తరబడి సాధన చేసిన బూటులో పాదం ఒక తీరుకు అలవాటు పడి ఉంటుంది. పోటీ రోజున ఇచ్చిన కొత్త బూటుతో మూడో కిలోమీటరుకే మడమ దగ్గర బొబ్బలు లేచిన పిల్లల్ని చూశాను. వాచిన పిక్కలతో తిరిగొచ్చినవారూ ఉన్నారు. బూటు మీద గుర్తు కనబడకూడదంటే పక్కన చిన్న ప్లాస్టర్ వేయండి. అరికాలికి, లేసులకు ఏదీ తగలనివ్వకండి.

పానీయం విషయంలో ఇంకా గట్టిగా ఉండండి. ఫొటోల్లో వేరే కంపెనీ సీసా కనిపించకూడదంటే పేరులేని మామూలు సీసాలో నీళ్లు తీసుకెళ్లండి, అది వారి హక్కే అనుకుందాం. ‘మా శక్తి పానీయం తాగాలి’ అంటే మాత్రం కుదరదని చెప్పండి. డోపింగ్ నిబంధనల ప్రకారం ఒంట్లో ఏ నిషిద్ధ పదార్థం దొరికినా ముందు సంజాయిషీ చెప్పుకోవాల్సింది క్రీడాకారులే. ఇచ్చింది స్పాన్సర్ అంటే చెల్లదు. తెలియని పొడి, తెలియని పానీయం తాగకూడదన్నది మీ అమ్మాయికి ఇప్పటినుంచే అలవాటు కావాలి. 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టోర్నీ గెలిచాక పుల్లెల గోపీచంద్ శీతల పానీయాల ప్రకటన వద్దనుకున్నారు. ఆరోగ్యానికి మంచిది కానిదాన్ని పిల్లలకు తాగమని చెప్పలేనన్నది ఆయన ఆలోచన. అంత డబ్బు వద్దనుకున్న మనిషి మన తెలుగువాడే. ఒక సీసా వద్దనడానికి మీరు మొహమాటపడనక్కర్లేదు.

వేదిక మీద మాత్రం సర్దుకోండి. వారి టోపీ, వారి టీషర్టు వేసుకుని బహుమతి తీసుకోవడంలో తప్పేమీ లేదు, అది వారి వేదిక. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్ ఆటగాడు మైకేల్ జోర్డాన్ తమ జట్టు దుస్తుల మీది రీబాక్ గుర్తు కనబడకుండా భుజం మీద అమెరికా జెండా కప్పుకుని పోడియం ఎక్కాడు, ఎందుకంటే అతనిది నైకీ ఒప్పందం. 1974 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో డచ్ ఆటగాడు క్రైఫ్ అడిడాస్ మూడు చారల చొక్కా వేసుకోనని, రెండు చారలతో ఆడాడు. వారి స్థాయికి అది చెల్లింది. పదహారేళ్ల పిల్లను అలాంటి పంతానికి నిలబెట్టడం మంచిది కాదు. పంతం పట్టాలంటే పెద్దవాళ్లం మనం పడదాం, అదీ పోటీకి ముందే.

హక్కు గురించి అడిగారు కదా. ఇది వారికీ మీకూ మధ్య ఒప్పందం. సంతకం పెడితే ఒప్పుకున్నట్టే. పద్దెనిమిదేళ్లు నిండనివారు చేసుకున్న ఒప్పందం మన చట్టం ప్రకారం చెల్లదు, అందుకే పత్రం మీద తల్లిదండ్రుల సంతకం అడుగుతారు. అంటే బేరమాడే స్థానం మీది. పత్రంలో ఫొటోల గురించి ఏం రాశారో తప్పకుండా చూడండి. పోటీ ఫొటోలు ప్రచారానికి వాడుకుంటామనడం మామూలే. కాలపరిమితి లేకుండా, ఏ ప్రకటనకైనా వాడుకుంటామంటే ఆ వాక్యం కొట్టేసి సంతకం పెట్టండి. 2021లో టోక్యోలో సింధు కాంస్యం గెలవగానే, ఆమెతో ఏ ఒప్పందమూ లేని కంపెనీలు అభినందనల పేరుతో ఆమె ఫొటోలు పెట్టి ప్రచారం చేసుకున్నాయి. ఆమె వ్యవహారాలు చూసే సంస్థ వారికి లీగల్ నోటీసులు పంపింది. తమ గుర్తు పక్కన వేరే గుర్తు కనబడితేనే సహించని వ్యాపార ప్రపంచం, ఆటగాళ్ల ముఖాన్ని మాత్రం ఉచితంగా వాడేసుకుంటుంది. ఆ ముఖానికీ యజమాని ఉందని మీ అమ్మాయికి ఈ వయసులోనే తెలియాలి.

దుకాణం వారితో దాపరికం లేకుండా మాట్లాడండి. నోటిమాటగా ఉన్న ఒప్పందాన్ని ఒక కాగితం మీద పెట్టుకోండి. నిర్వాహకులు ఒప్పుకోని పోటీల్లో గుర్తు కనిపించకపోయినా ఒప్పందం తప్పినట్టు కాదని, దానికి బదులు సాధన చేసే రోజుల్లో ఫొటోలు ఇస్తామని రాసుకుంటే చాలు. నేను చూసినంతవరకు చిన్న దుకాణదారులు దీనికి కాదనరు. వారికి చివరి నిమిషంలో తెలియడమే కష్టంగా ఉంటుంది.

నిర్వాహకులకు ఈ రోజే ఈమెయిల్ పంపండి. ఫోనులో చెప్పిన మాట పోటీ రోజు ఉదయం ఎవరికీ గుర్తుండదు. ఇలా రాయవచ్చు: ‘మా అమ్మాయి తాను సాధన చేసే బూట్లతోనే పరుగెత్తుతుంది. బూటు పక్కనున్న గుర్తును చిన్న ప్లాస్టర్‌తో మేమే కప్పుతాం. అరికాలికి, లేసులకు టేపు వేయనివ్వం. తన నీళ్లు తానే తెచ్చుకుంటుంది. బహుమతి వేదికపై మీరిచ్చిన టీషర్టు వేసుకుంటుంది. దీనికి మీ అంగీకారాన్ని రాతపూర్వకంగా తెలియజేయగలరు.’ జవాబు వస్తే దాన్ని అచ్చు తీసి అమ్మాయితో వెళ్లే జట్టు మేనేజరు చేతిలో పెట్టండి.

రుసుము కట్టే గడువులోగా జవాబు రాకపోతే ఈ పరుగు వదిలేయండి. 800 మీటర్ల అమ్మాయికి ఐదు కిలోమీటర్ల రోడ్డు పరుగు తప్పనిసరి కాదు. ఆ ఆదివారం తన కోచ్ దగ్గర మైదానంలో సాధన చేసుకున్నా ఆమెకు పోయేదేమీ ఉండదు.