నాన్నగారు పోయాక అమ్మ టీవీకే అతుక్కుపోయింది, కోలాటంలో చేర్పిస్తే ఆరోగ్యం బాగుపడుతుందా?

మా అమ్మకైతే బాగుపడింది.

అమ్మకు షుగర్ ఉంది. డాక్టర్ వాకింగ్ చేయమంటే కొన్నాళ్లు నడిచి మానేసేది. కోలాటం మాత్రం మానలేదు. ఎందుకంటే కోలాటానికి జత కావాలి. ఒకరు రాకపోతే ఇంకొకరి కోలకు ఎదురు కోల ఉండదు. సాయంత్రమయ్యేసరికి "అక్కా, బయలుదేరావా?" అని ఫోన్ వచ్చేస్తుంది. నాన్న పోయాక తనతో ఎవరికీ పనిలేదన్న దిగులు అమ్మను తినేసింది. ఆ ఫోన్ చేసినంత మేలు నేను చెప్పిన ధైర్యం కూడా చేయలేదు.

ఆట కూడా తేలికేం కాదు. పాట వింటూ, అడుగు తప్పకుండా, ఒకసారి ఎదుటివాళ్ల కోలకు, ఇంకోసారి పక్కవాళ్ల కోలకు తగిలించాలి. కోపు, అంటే అడుగుల వరస, మారితే తిరిగే దిశా మారుతుంది. జడ కోలాటమైతే పైనుంచి వేలాడే తాళ్లను తిరుగుతూ అల్లి, మళ్లీ వెనక్కి తిరుగుతూ విప్పాలి. ఒక్కరు దారి తప్పినా జడ చిక్కుపడుతుంది. ఆ కాసేపు మనసు దిగులు వైపు పోవడానికి సందే ఉండదు. తిరుమల బ్రహ్మోత్సవాల్లో మాడవీధుల్లో వాహనం ముందు ఆడాలని ఇప్పుడు వాళ్ల మండలి ఆశ. అమ్మ ఆరోగ్యం చూసుకునేది కూడా అందుకోసమే.

2003లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. 75 ఏళ్లు దాటిన 469 మందిని కొన్నేళ్లపాటు గమనించారు. ఒంటితో చేసే వ్యాపకాల్లో డ్యాన్స్ చేసేవాళ్లలోనే డిమెన్షియా (మతిమరుపు జబ్బు) తక్కువగా కనిపించింది. మెదడుకు పనిపెట్టే వ్యాపకాల్లో వాద్యాలు వాయించేవాళ్లలోనూ అంతే. అసలే ఆరోగ్యంగా ఉన్నవాళ్లు డ్యాన్స్‌కు వెళ్లి ఉండొచ్చు కాబట్టి దీన్ని హామీ అనుకోవద్దు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 3,000కు పైగా అధ్యయనాలు పరిశీలించి, జబ్బులు రాకుండా చూడటంలోనూ వచ్చాక తట్టుకోవడంలోనూ కళలు సాయపడతాయని చెప్పింది.

మోకాళ్ల నొప్పులుంటే కూర్చుని పాడే భజన మండలి మేలు. షుగర్, బీపీ మాత్రలు మాత్రం ఆపనివ్వకండి. నిద్ర, తిండి వారాల తరబడి సరిగా లేకపోతే ముందు మానసిక వైద్యుడికి చూపించండి, కోలాటం ఆ తర్వాత. చేర్పించేటప్పుడు మంచి గురువు కంటే ముందు అమ్మగారి వయసువాళ్లు, రోజూ కలిసి వెళ్లగలిగేవాళ్లు ఉన్న మండలి వెతకండి. మొదటి వారం మీరూ వెంట వెళ్లండి.