ముందు అతుకు, తర్వాత కోత

కావలి

చి॥ అల్లుడికి,

మామయ్య దీవెనలు. మొన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి సగమే జవాబు చెప్పాను. బస్సులో ఉన్నాను, మాట సరిగా వినపడలేదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ఇంటి వెనక రేకుల షెడ్డు వేశావు. ఇనుము అతికే వెల్డింగ్ మిషన్ కొనాలా, ఇనుము కోసే ప్లాస్మా కట్టర్ కొనాలా అన్నావు. వెల్డింగ్ మిషనే కొను. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

నువ్వు చెప్పిన పనులన్నీ ఒకసారి గుర్తు చేసుకో. రొయ్యల చెరువు గట్టు మీద మోటారు స్టాండు, వెనక గేటు, మీ నాన్న ట్రాక్టర్ దమ్ము చక్రాలకు ఊడిపోయిన పట్టీలు. అన్నీ యాంగిల్, ఫ్లాట్, స్క్వేర్ పైపు పనులే. వీటిలో కోతలన్నీ తిన్నగా ఉంటాయి. 4 అంగుళాల గ్రైండర్‌కి సన్న కటింగ్ వీల్ వేస్తే అరగంటలో గేటుకి కావాల్సిన ముక్కలు తెగుతాయి. గ్రైండర్ లేకపోతే రంపంతోనైనా కోయవచ్చు, చెయ్యి నొస్తుంది గానీ పని ఆగదు. అతకడానికి అలా వేరే దారి లేదు. దమ్ము చక్రం పట్టీకి బోల్టులు బిగిస్తే బురదలో రెండు రోజులు కూడా నిలవవు.

ప్లాస్మాను తక్కువ చేయడం లేదు, దాని పని నాకు చాలా ఇష్టం. కంప్రెసర్ గాలిని సన్నటి నాజిల్ లోంచి పంపి, ఆ గాలిలోనే ఆర్క్, అంటే కరెంటు మెరుపు, పుట్టిస్తుంది. ఆ వేడికి ఇనుము కరుగుతుంది, కరిగింది కరిగినట్టే గాలి కిందికి ఊదేస్తుంది. కరెంటు పారే లోహం ఏదైనా తెగుతుంది. గ్యాస్ కటింగ్ అలా కాదు. అక్కడ ఇనుము ఆక్సిజన్‌లో మండుతూ తెగుతుంది కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీలు దగ్గర, అల్యూమినియం దగ్గర అది పనికిరాదు. ప్లాస్మాకి ఆ ఇబ్బంది లేదు. రేకులో గుండ్రటి రంధ్రం, గేటుకి పువ్వు డిజైను, చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ స్టెయిన్‌లెస్ ఫ్రేముకి ప్లేటు, ఇలాంటివి రోజూ కోసేవాడికి అది పెన్నిధి. 40 ఆంపియర్ల మిషన్ 10 మిల్లీమీటర్ల ఇనప ప్లేటుని బాగానే కోస్తుంది. నీకు అలాంటి పని నెలకి ఒకటి వస్తుందేమో. ఆ ఒక్కటీ నా షాపుకి పట్టుకురా, కోసిస్తాను.

ఇక అసలు చిక్కు గాలిది. ప్లాస్మా కట్టర్ ఒక్కటీ కొంటే సరిపోదు, దాని పక్కన సరిపడా గాలి ఇచ్చే కంప్రెసర్ ఉండాలి, ఆ గాలి పొడిగా ఉండాలి. మీ ఊరు సముద్రానికి ఎంత దగ్గరో చూడు. ఉప్పు గాలి, చెమ్మ. నేను మొదటిసారి ప్లాస్మా కొన్నది అక్టోబరులో, మన జిల్లాలో వానలు మొదలయ్యే రోజుల్లో. మూడో రోజుకే కోత వంకరగా, వెడల్పుగా రావడం మొదలైంది. నాజిల్ రంధ్రం పాడైంది, లోపలి ఎలక్ట్రోడ్ గుంట పడింది. కొత్తవి వేస్తే అవీ అంతే. మిషనే లోపమనుకుని ఎంత టెన్షన్ పడ్డానో. చివరికి కంప్రెసర్ ట్యాంకు అడుగున ఉన్న కుళాయి తిప్పితే బొళుక్కున నీళ్లు వచ్చాయి. ఆ నీళ్లే గాలితో కలిసి నాజిల్ దాకా వెళ్తున్నాయి. మధ్యలో నీటిని పట్టే ఫిల్టర్ పెట్టాలని నాకు అప్పటికి తెలియదు. ఆ ఎలక్ట్రోడ్ కొసన హాఫ్నియం అనే లోహం గుండుసూది తలంత ఉంటుంది. అక్కడ గుంట ఒకటిన్నర మిల్లీమీటర్ దాటితే మార్చేయాలి, లేకపోతే టార్చినే, అంటే చేత్తో పట్టుకుని కోసే పిడినే, తినేస్తుంది. రోజూ వాడేవాడికి ఈ ఖర్చు గిట్టుతుంది. నెలకోసారి తీసేవాడికి గిట్టదు. పైగా కట్టర్, కంప్రెసర్ కలిపి పెట్టే డబ్బుకి మంచి వెల్డింగ్ మిషన్లు రెండైనా వస్తాయి.

కరెంటు సంగతి కూడా చూసుకో. కట్టరూ కంప్రెసరూ ఒకేసారి లాగితే మీ ఇంటి వైరింగ్ తట్టుకోదు. వెల్డింగ్ మిషన్ 80 ఆంపియర్లలో పని చేసేటప్పుడు సుమారు 3 కేవీఏ లాగుతుంది. దానికైనా మీటరు దగ్గర్నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగించి, దానికి సొంత ఎంసీబీ, అంటే కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆగే స్విచ్, పెట్టించు. ఫ్రిజ్ ఉన్న ప్లగ్గులో పెట్టకు.

కొనేటప్పుడు ఇన్వర్టర్ రకం వెల్డింగ్ మిషన్, తేలిగ్గా ఉండేది, 200 ఆంపియర్లది తీసుకో. పాత ట్రాన్స్‌ఫార్మర్ మిషన్ జీవితాంతం పనిచేస్తుంది, నిజమే. కానీ దాన్ని కదపాలంటే ఇద్దరు కావాలి. కొనే మిషన్ మీద రాసిన ఆంపియర్ల కన్నా డ్యూటీ సైకిల్ చదువు. 60 శాతం అంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలు కాల్చి నాలుగు నిమిషాలు ఆపాలని. ఆ లెక్క మామూలుగా 40 డిగ్రీల వేడికి కట్టినది. రోహిణి కార్తెలో మీ రేకుల షెడ్డులో అంతకన్నా ఎక్కువే ఉంటుంది, కాబట్టి మిషన్‌కి ఇంకా ఎక్కువ విశ్రాంతి ఇవ్వు. షాపులోనే 3.15 మిల్లీమీటర్ల వెల్డింగ్ రాడ్ పెట్టించి, 110 ఆంపియర్లలో రాడ్ మొత్తం ఆగకుండా కాల్చి చూపించమను. కాల్చి చూపించని చోట కొనకు.

రాడ్లు 6013 రకం తీసుకో. నేర్చుకునేవాడికి అదే మేలు. 2.5 రాడ్‌కి 70, 80 ఆంపియర్ల దగ్గర మొదలుపెట్టు. పైపు పలచనైతే తగ్గించు, లేకపోతే బొక్క పడుతుంది. ప్యాకెట్ విప్పాక రాడ్లని చెమ్మ పట్టకుండా బల్బు వెలిగే చెక్కపెట్టెలో దాచు, వానాకాలంలో మరీ.

మిగిలే డబ్బుని హెల్మెట్‌లో పెట్టు. దానంతటదే నల్లబడే అద్దం ఉన్నది, నలుపు నంబరు 9 నుంచి 13 వరకు మార్చుకునేది దొరుకుతుంది, 10 మీద పెట్టుకో. ఎండ కళ్లద్దాలతో వెల్డింగ్ చేసేవాళ్లని చూశాను. రాత్రి కంట్లో ఇసుక పోసినట్టు మంట లేచి కన్నీళ్లతో తెల్లవారిందని వచ్చేవాళ్లు. జీఐ పైపు వెల్డింగ్ చేసే చోట పైన జింకు పూతని గ్రైండర్‌తో గీకెయ్. గీకేటప్పుడు మాస్కు పెట్టుకో. జింకు కాలిన పొగ పీలిస్తే సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది. చెరువు గట్టు మీద తడి కాళ్లతో రాడ్ హోల్డర్ పట్టుకోవద్దు. పొడి చెక్క మీద నిలబడు, తోలు చేతితొడుగులు వేసుకో. ప్లాస్మాకైతే ఇంకా భయపడాలి, టార్చి దగ్గర వోల్టేజీ రెండు వందలు దాటుతుంది.

డీజిల్ పోసిన డ్రమ్ముని మాత్రం వెల్డింగ్ చేయడానికీ కోయడానికీ ముట్టుకోకు. ఖాళీగా కనపడినా, కడిగినా, ఎంత దగ్గరివాళ్లు తెచ్చినా సరే. లోపల ఆవిరి మిగిలే ఉంటుంది, నిప్పు తగిలితే పేలుతుంది. ఇది నువ్వు నాకు మాట ఇవ్వాలి.

నాకు ఈ పని నేర్పినాయన బిట్రగుంట లోకో షెడ్డులో పనిచేసినవాడు. నాకు మొదటి వారమంతా పాత ఫ్లాట్ ముక్క మీద తిన్నటి గీతలే వేయించాడు. రాడ్ పట్టుకునే ముందు మూడు నిమిషాలు ఆగి, చెయ్యి ఎక్కడ ఆనించాలో చూసుకోమనేవాడు. నీకూ అలాగే మొదలుపెడదాం. ఆదివారం పొద్దున ఎనిమిదికల్లా రా, మీ దమ్ము చక్రం కూడా ఆటోలో వేసుకుని రా. మిషన్ ఇంకా కొనకు, నా దగ్గర రెండు రకాలున్నాయి, రెండిటితోనూ కాల్చి చూసి కొందువు. కాటన్ చొక్కా వేసుకో, టెరికాట్ వద్దు. అత్త నీకు చేపల పులుసు చేస్తానంది.

ఇట్లు,
మీ మామయ్య