ఒక్క వరుస ప్యాచ్‌లో ఏం చూడాలి?

ప్రశ్న: మా సి ప్రాజెక్టులోని కాన్ఫిగ్.సబ్‌లో (యంత్రాల పేర్లను సరిచూసే స్క్రిప్టు) లూంగ్‌ఆర్చ్64 అనే ప్రాసెసర్ రకం పేరు చేరుస్తూ ఒకరు ప్యాచ్ (కోడ్ మార్పు) పంపారు. మార్పు ఒక్క వరుసే. కలిపేయొచ్చా?

జవాబు: వద్దు. ఆ ఫైలు మీది కాదు, గ్నూ ప్రాజెక్టుది. మీ కాపీలో దిద్దితే, బిల్డ్ ఫైళ్లను మళ్లీ తయారుచేసే ‘ఆటోరీకాన్ఫ్ -ఎఫ్ఐ’ నడిపిన రోజు ఆ వరుస ఎగిరిపోతుంది. బదులుగా తాజా కాన్ఫిగ్.సబ్, కాన్ఫిగ్.గెస్ రెండూ తెచ్చి పెట్టండి. మొదటిది పేరును సరిచూస్తుంది, రెండోది యంత్రాన్ని పసిగడుతుంది. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే తంటా తప్పదు. తర్వాత కాన్ఫిగ్.సబ్‌కు ‘లూంగ్‌ఆర్చ్64-లినక్స్-గ్నూ’ అని ఇచ్చి చూడండి. మధ్యలో ‘అన్‌నోన్’ చేరి నాలుగు ముక్కల పేరు రావాలి.

అసలు తప్పులు దొర్లేది మీ కాన్ఫిగర్.ఏసీలో, అంటే బిల్డ్‌కు ముందు ఏమేం సరిచూడాలో మీరు రాసుకునే ఫైలులో. అక్కడ ప్రాసెసర్ పేరును పోల్చే కేస్ వరుసల్లో ముందు కలిసినదే చెల్లుతుంది. ‘మిప్స్*’ (మిప్స్‌తో మొదలయ్యే ఏ పేరైనా) పైన ఉంటే కింది ‘మిప్స్64*’ వంతు ఎప్పటికీ రాదు. ‘ఆర్మ్*’ రాసి 64 బిట్ల ఆర్మ్ కూడా వచ్చేసిందనుకోవడం మరీ పాత పొరపాటు: దాని పేరు ‘ఏఆర్చ్64’ (aarch64), మొదట్లో ‘ఏ’ రెండుసార్లు. మేక్‌ఫైల్‌లో ‘యునేమ్ -ఎం’ కనిపిస్తే మాత్రం ప్యాచ్ వెనక్కి పంపండి. క్రాస్ కంపైల్‌లో, అంటే ఒక యంత్రంపై మరో రకం యంత్రానికి బిల్డ్ చేసేటప్పుడు, అది బిల్డ్ చేసే యంత్రం పేరు చెబుతుంది, కావలసింది హోస్ట్_సీపీయూ, అంటే ప్రోగ్రామ్ నడవబోయే యంత్రం ప్రాసెసర్ పేరు.