ఇంటి వైఫై: కొత్త రౌటర్ డబ్బా కొనే ముందు పాతదాని చోటు మార్చి చూడండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వైఫై గురించే. పిల్లల క్లాసులు, ఇంటి నుంచి చేసే ఉద్యోగాలు, చివరికి కరెంటు బిల్లు కట్టడం కూడా దాని మీదే నడుస్తోంది కాబట్టి శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నాను. నేను హన్మకొండ టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో లైన్ల పని చేసి రిటైరైనవాణ్ని. రాగి తీగల కాలం నుంచి ఫైబర్ దాకా ఈ ఊళ్లో ఇళ్లకు లైన్లు బిగించాను. ఇంట్లో ఉన్నదాన్ని సరిగా వాడుకున్నాకే కొత్తది కొనాలన్నది నా పట్టు. జవాబులు కూడా ఆ దారిలోనే ఉంటాయి.

*సార్, నక్కలగుట్టలో మాది కింద మూడు గదులు, పైన రెండు గదుల ఇల్లు. ఫైబర్ డబ్బా కింద హాల్లో టీవీ వెనుక ఉంది. ప్లాన్ 100 ఎంబీపీఎస్. పై గదిలో మా బాబు ఈఏపీసెట్ (పాత ఎంసెట్) క్లాసు వింటుంటే వీడియో ఊరికే ఆగిపోతోంది. ఫోన్లో సిగ్నల్ గీతలు మాత్రం బాగానే కనిపిస్తాయి. షాపులో ఆరు యాంటెనాల రౌటర్ తీసుకోమంటున్నారు. తీసుకోమంటారా? — ఒక తల్లి, హన్మకొండ*

అమ్మా, ఇప్పుడే తీసుకోకండి. ముందు ఒక పరీక్ష చేయండి. ఫోన్ పట్టుకుని డబ్బాకు రెండు మూడు అడుగుల దూరంలో నిలబడి, 5 గిగాహెర్ట్జ్ పేరుకు కనెక్ట్ చేసి స్పీడ్ టెస్ట్ చూడండి. అక్కడ 80, 90 వస్తే మీ లైన్ బాగున్నట్టే, లోపం ఇంటి లోపల ఉంది. డబ్బా పక్కనే 20 వస్తే లైన్ వాళ్లకు ఫోన్ చేయాలి. అప్పుడు ఎంత ఖరీదైన రౌటర్ పెట్టినా లాభం ఉండదు.

లోపం ఇంటి లోపలే అనుకుందాం. మీ హాలుకూ పై గదికీ మధ్య స్లాబ్ ఉంది. అందులో కాంక్రీటు, దాని నిండా ఇనుప చువ్వలు. వైఫై తరంగాలకు ఇనుము పెద్ద అడ్డంకి. మన డబ్బాల్లో మామూలుగా ఉండే రెండు బ్యాండ్లలో 2.4 గిగాహెర్ట్జ్ కొంతవరకు దాటుతుంది, 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది కానీ గోడలు, స్లాబులు దాటేసరికి నీరసపడుతుంది. దానికి తోడు డబ్బా టీవీ వెనుక ఉందన్నారు. టీవీ వెనుక రేకు, పక్కన బీరువా గానీ అద్దం గానీ ఉంటే సిగ్నల్ అక్కడే సగం ఆగిపోతుంది.

గీతలు నిండుగా ఉన్నా క్లాసు ఎందుకు ఆగుతోందన్నది మంచి ప్రశ్న. కింది నుంచి మైకులో పిలిస్తే పైనున్న మనిషికి వినపడుతుంది, ఆ మనిషి మామూలు గొంతుతో జవాబిస్తే కిందికి వినపడదు. ఫోన్లో గీతలు డబ్బా గొంతును చూపిస్తాయి. ఫోన్ గొంతు చిన్నది, అది డబ్బాకు చేరుతోందా లేదా అన్నది ఆ గీతల్లో తెలియదు. ఆరు యాంటెనాల డబ్బాతో ఈ చిక్కు తీరదని అందుకే అంటున్నాను. రౌటర్ ఎంత బలంగా ప్రసారం చేయవచ్చో ప్రభుత్వం హద్దు పెట్టింది, ఖరీదైనదైనా చవకైనదైనా ఆ హద్దులోనే ఉండాలి. యాంటెనాలు ఎక్కువుంటే ఎక్కువ ఫోన్లను ఒకేసారి బాగా చూసుకుంటుంది, ఒక్కో ఫోన్‌కు వేగం పెరగవచ్చు. అంతేగాని స్లాబును దాటించదు.

ఇప్పుడు చేయాల్సింది. డబ్బాను టీవీ వెనుక నుంచి బయటికి తీసి, మెట్ల దగ్గరి గోడకు మనిషి తల ఎత్తున బిగించమని లైన్ వాళ్లను అడగండి. మెట్ల దారిలో స్లాబు ఉండదు, సిగ్నల్ అటు నుంచి పైకి ఎక్కుతుంది. ఫైబర్ తీగను మీరే లాగి ముడిచి కట్టకండి. లోపల ఉండేది గాజు, ఎక్కువ వంచితే వెలుగు బయటికి పోతుంది. డబ్బా మీద లాస్ (LOS) అనే లైటు ఎర్రగా వెలిగిందంటే ఆ వెలుగు అందడం లేదని అర్థం. యాంటెనాలు ఉంటే అన్నీ నిటారుగా నిలబెట్టకండి. నిలబెట్టిన యాంటెనా పక్కలకు ఎక్కువ, తన తల మీదికి తక్కువ పంపుతుంది. ఒకదాన్ని అడ్డంగా వంచితే పై అంతస్తుకు కొంత మేలు.

దీనితోనే చాలా ఇళ్లలో పని అయిపోతుంది. కాకపోతే నేను చెప్పే మందు వైరు. కింది డబ్బా నుంచి పై గదికి ఒక కేట్ 6 రకం నెట్ కేబుల్ వేయించి, దాని చివర చిన్న రౌటర్ పెట్టండి. ఇంట్లో మూలపడి ఉన్న పాతదైనా పరవాలేదు. దాన్ని, కింది నుంచి వచ్చిన నెట్‌ను వైఫైగా పంచడమే చేసే యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టాలి. ఆ మోడ్ లేని పాత రౌటర్ అయితే అందులో డీహెచ్‌సీపీ అనే, ఫోన్లకు నెట్ అడ్రస్‌లు పంచే పనిని ఆపేసి, దాని అడ్రస్‌ను పెద్ద డబ్బా అడ్రస్‌తో కలవకుండా మార్చి, కేబుల్‌ను వ్యాన్ అని రాసి ఉన్న రంధ్రంలో కాకుండా ల్యాన్ రంధ్రంలో పెట్టాలి. రెండింటికీ ఒకే వైఫై పేరు, ఒకే పాస్‌వర్డ్ ఇస్తే ఫోన్ కిందా పైనా తిరిగినప్పుడు తనంతట తాను మారుతుంది. 2.4 ఛానెల్ మాత్రం కింద 1 పెడితే పైన 6 గానీ 11 గానీ పెట్టండి. ఈ మూడూ ఒకదానితో ఒకటి కలవవు.

కేబుల్ కొనేటప్పుడు కొంచెం గట్టిగా ఉండండి. అల్యూమినియం మీద రాగి పూత వేసిన తీగ చవకగా అమ్ముతారు. కొస దగ్గర బ్లేడుతో గీకితే తెల్లగా వస్తే అది అల్యూమినియం, ఎర్రగానే ఉంటే రాగి. రాగిదే తీసుకోండి. కరెంటు వైర్లున్న పైపులోనే దీన్ని దూర్చనివ్వకండి, వేరే పైపు వేయించండి. ఇంటి బయటి గోడ మీదుగా పోవాల్సి వస్తే ఎండకు తట్టుకునే నల్లటి తొడుగు రకం అడగండి. మన ఎండలకు మామూలు తొడుగు పెళుసెక్కి పగిలిపోతుంది.

కిరాయి ఇల్లు, గోడకు రంధ్రం పెట్టనివ్వరంటారా? అప్పుడు వైరు లేకుండా ఒకదానితో ఒకటి కలిసి ఒకే వైఫైగా పనిచేసే రెండు ముక్కల మెష్ సెట్ తీసుకోవచ్చు. రెండో ముక్కను సిగ్నల్ రాని గదిలో పెట్టడం అందరూ చేసే పొరపాటు. దానికే సిగ్నల్ అందకపోతే అది మీకేమిస్తుంది? సగం దారిలో, మెట్ల మలుపు దగ్గర పెట్టండి. సిగ్నల్ అందుకుని మళ్లీ పంపే చవక రిపీటర్ కూడా అక్కడ పనిచేస్తుంది కానీ ఒకే బ్యాండ్ మీద తీసుకుని ఒకే బ్యాండ్ మీద పంపుతుంది కాబట్టి వేగం దాదాపు సగానికి పడిపోతుంది. ఒక్క క్లాసు వీడియోకు నాలుగైదు ఎంబీపీఎస్ చాలు కాబట్టి మీ బాబు వరకు అదీ సరిపోవచ్చు.

*అన్నా, ప్లాన్ 200 ఎంబీపీఎస్‌కు మార్చాను. ల్యాప్‌టాప్‌కు కేబుల్ పెట్టి చూసినా 94 దాటడం లేదు. కంపెనీ వాళ్లు లైన్ బాగానే ఉందంటున్నారు. — రైల్వే ఉద్యోగి, కాజీపేట*

తమ్మీ, ఆ 94 అనే అంకే అసలు విషయం చెప్తోంది. దారిలో ఎక్కడో 100 ఎంబీపీఎస్ పోర్ట్, అంటే కేబుల్ దూర్చే రంధ్రం, ఉంది. దాంట్లో నుంచి లెక్కలన్నీ పోగా చేతికి వచ్చేది 94, 95. రౌటర్ అట్ట పెట్టె మీద ఏసీ 1200 అని పెద్దగా ఉంటుంది. అది 2.4 మీద 300, 5 మీద 867 కలిపి, పైకి సర్ది చెప్పే అంకె, అదీ కాగితం మీది వేగం. అదే పెట్టె వెనుక చిన్న అక్షరాల్లో 10/100 పోర్టులు అని రాసి ఉంటే వైరు వేగం 100 దాటదు. వైఫై ఎంత ఘనంగా ఉన్నా లోపలికి వచ్చేదే ఆ రంధ్రంలోంచి కదా. 10/100/1000 అని గానీ గిగాబిట్ అని గానీ ఉండాలి.

రౌటర్ గిగాబిట్‌దే అయితే కేబుల్ చూడండి. లోపల ఎనిమిది తీగలుంటాయి. 100 వేగానికి నాలుగు చాలు, 1000కి ఎనిమిదీ కావాలి. ఒక్కటి తెగినా, కొన దగ్గర క్లిప్‌లో సరిగా కూర్చోకపోయినా కనెక్షన్ చప్పుడు లేకుండా 100కు దిగిపోవచ్చు. ముందు కేబుల్ మార్చి చూడండి, అది తక్కువ ఖర్చు. ల్యాప్‌టాప్ పోర్ట్ కూడా పాతదైతే 100దే కావచ్చు. కొత్త రౌటర్ తప్పదనుకుంటే రెండు బ్యాండ్లు, అన్నీ గిగాబిట్ పోర్టులు, వైఫై 6, యాక్సెస్ పాయింట్ మోడ్ ఉన్నది చూసుకోండి. ఇంతకు మించి మామూలు ఇంటికి అవసరం లేదని నా అభిప్రాయం.

*కరెంటు పోగానే నెట్ పోతోంది. ఇంట్లో ఇన్వర్టర్ లేదు. పాత ల్యాండ్‌లైన్ ఫోన్ కరెంటు లేకున్నా పనిచేసేది, ఇదెందుకు చేయదు? — విశ్రాంత ఉపాధ్యాయుడు, జమ్మికుంట*

సార్, ఈ ప్రశ్న నాకు చాలా ఇష్టం. పాత ఫోన్‌కు కరెంటు ఎక్స్ఛేంజ్ నుంచే వచ్చేది. అక్కడ పెద్ద బ్యాటరీల వరుస ఉండేది, 48 వోల్టులు రాగి తీగలోనే మీ ఇంటి దాకా నడిచేవి. ఊరంతా చీకటైనా ఫోన్ మోగేది అందుకే. ఫైబర్‌లో నడిచేది వెలుగు, అందులో కరెంటు రాదు. కాబట్టి ఇంట్లో డబ్బాకు మీరే కరెంటు ఇవ్వాలి.

దీనికి ఇన్వర్టర్ అక్కర్లేదు. రౌటర్ల కోసమే అమ్మే చిన్న డీసీ యూపీఎస్ చాలు. కొనే ముందు మీ అడాప్టర్ మీద రాసినది చదవండి. ఎక్కువ వాటికి 12 వోల్టులు ఉంటాయి, కొన్నిటికి 9 ఉంటాయి. వోల్టులు సరిగ్గా అవే ఉండాలి. ఆంపియర్లు అంతే గానీ ఎక్కువ గానీ ఉండొచ్చు, తక్కువ ఉండకూడదు. ఫైబర్ డబ్బా, రౌటర్ వేరువేరుగా ఉంటే రెండింటికీ ఇచ్చే రకం తీసుకోండి. ఒకదానికే ఇస్తే లాభం లేదు. ఎక్స్ఛేంజ్‌కూ మీ ఇంటికీ మధ్య ఫైబర్‌ను పంచే స్ప్లిటర్‌కు కరెంటు అక్కర్లేదు, అది ఫైబర్‌లో మంచి గుణం. కానీ మీ వీధి దాకా ఫైబర్ వచ్చి, అక్కడ స్తంభం మీది స్విచ్ నుంచి ఇళ్లకు మామూలు ల్యాన్ వైరు లాగి ఉంటే ఆ స్విచ్‌కూ కరెంటు ఉండాలి. అది మీ కేబుల్ ఆపరేటర్‌ను అడగాల్సిన విషయం.

అట్లా స్తంభం నుంచి ల్యాన్ వైరు వచ్చే ఇళ్లవాళ్లకు ఇంకో మాట. మబ్బులు కమ్ముకోగానే, ఉరుములు మొదలవక ముందే అడాప్టర్‌తో పాటు ఆ వైరునూ రౌటర్ నుంచి పీకేయండి. పిడుగు దగ్గర్లో పడితే దాని దెబ్బ వైరు వెంటే వచ్చి పోర్ట్ కాల్చేస్తుంది.

*మా నెట్‌ను పక్కవాళ్లు వాడుతున్నారని అనుమానం. రౌటర్ పేజీలో గుర్తు తెలియని పేర్లు కనిపిస్తున్నాయి. — సింగరేణి క్వార్టర్స్, భూపాలపల్లి*

పక్కింటి వాళ్లను అనుమానించే ముందు కాస్త ఆగండి. ఇప్పటి ఫోన్లు తమ అసలు గుర్తింపు నంబరు (మ్యాక్ అడ్రస్, సిమ్ నంబరు కాదు) దాచి, వైఫైకి వేరే నంబరు చూపిస్తాయి. మీ ఇంటి ఫోనే మీకు కొత్తగా కనిపించవచ్చు. ఇంట్లో ఫోన్లు, టీవీ, కెమెరా ఒక్కొక్కటే వైఫై ఆపుతూ ఆ జాబితా చూడండి. జాబితా చూసే ఫోన్ తప్ప అన్నీ ఆపినా ఇంకేదైనా మిగిలితే అప్పుడు బయటివాళ్లన్నమాట.

ఎట్లయినా పాస్‌వర్డ్ మార్చేయండి. ఫోన్ బ్రౌజర్‌లో 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ కొడితే పేజీ తెరుచుకుంటుంది, కాకపోతే డబ్బా కింద స్టిక్కర్ మీద ఉంటుంది. లోపలికి వెళ్లే అడ్మిన్ పాస్‌వర్డ్ ముందు మార్చండి, చాలామంది దాన్ని వదిలేస్తారు. తర్వాత వైఫై పాస్‌వర్డ్. భద్రత దగ్గర డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 ఉండాలి. పాస్‌వర్డ్ కొట్టకుండానే ఫోన్‌ను కలిపే డబ్ల్యూపీఎస్ అనే మీట ఆఫ్ చేయండి. ఫోన్ నంబర్, పిల్లల పేర్లు పాస్‌వర్డ్‌గా పెట్టకండి, పక్కవాళ్లు ముందు కొట్టి చూసేవి అవే. చుట్టాలొచ్చినప్పుడు ఇవ్వడానికి గెస్ట్ నెట్‌వర్క్ వేరే పెట్టుకుంటే ఎవరినీ కాదనే మొహమాటం ఉండదు. సీసీ కెమెరాలు కూడా దాని మీదే పెట్టండి. కనెక్షన్ మీ పేరు మీద ఉంది, దాని నుంచి ఎవరు ఏం చేసినా అడగడానికి ముందు మీ ఇంటికే వస్తారు.

*మా ఇంట్లో మూడు నెలల పాప ఉంది. వైఫై డబ్బా నుంచి రేడియేషన్ వస్తుందని అత్తమ్మ రాత్రి తీసేయమంటోంది. నిజమేనా? — నర్సంపేట*

చెల్లీ, టెన్షన్ పడకండి. వైఫై తరంగాలు ఎక్స్‌రే లాంటివి కావు, శరీరంలోని అణువులను విడగొట్టే శక్తి వాటికి లేదు. రౌటర్ పంపే బలం కూడా చాలా తక్కువ, దూరం జరిగిన కొద్దీ అదీ వేగంగా తగ్గిపోతుంది. ఇట్లాంటి బలహీనమైన సిగ్నళ్ల వల్ల ఆరోగ్యానికి హాని జరుగుతుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అయినా రాత్రి ఎవరూ వాడనప్పుడు స్విచ్ తీసేస్తే నష్టం లేదు. అత్తమ్మ మనసు నిమ్మళంగా ఉంటుంది, తీసేయండి. పాపకు నిజంగా ప్రమాదం అడాప్టర్ తీగతోనే. పాకడం మొదలుపెట్టాక అందుకుని లాగుతుంది, నోట్లో పెట్టుకుంటుంది. డబ్బాను, ప్లగ్గును ఇప్పుడే ఎత్తుకు మార్పించి, కిందికి వేలాడే తీగను గోడకు క్లిప్పులు కొట్టించండి.